ఎడారిలో ఏడు నెలల చిరునామా

అమెరికా నైరుతి మూలన, కాలిఫోర్నియాకూ ఆరిజోనాకూ సరిహద్దుగా పారే కొలరాడో నదికి తూర్పున ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో, ఇంటర్‌స్టేట్ 10 రహదారి యూఎస్ 95 రహదారిని దాటే కూడలిలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరుంది. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 2,413. వేసవిలో పగటి వేడి 45 డిగ్రీలు దాటే ఆ ఊరు జూలైలో దాదాపు నిద్రావస్థలో ఉంటుంది. జనవరి వచ్చేసరికి మాత్రం చుట్టూ ఉన్న రాళ్ల మైదానం కనుచూపు మేర వాహనాలతో నిండిపోయి, మనుషుల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. అవన్నీ ఆర్వీలు, అంటే పడక, వంటగట్టు, మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకులు లోపలే అమర్చిన బండ్లు. కొన్ని బస్సంత పొడవుండి తమంతట తామే నడిచేవి, కొన్ని పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కొచ్చే ట్రైలర్లు, మరికొన్ని మామూలు సరుకుల వ్యానును చేతనైనంతలో ఇల్లుగా మార్చుకున్నవి. వాటిలో వచ్చేవారిలో ఎక్కువమంది చలికాలం గడిపి ఉత్తరాది రాష్ట్రాల్లోనో కెనడాలోనో ఉన్న సొంత ఇళ్లకు తిరిగిపోతారు. వారిని స్నోబర్డ్స్ అంటారు. మిగిలినవారికి ఆ బండి తప్ప వేరే ఇల్లు లేదు. వారు ఫుల్‌టైమర్లు.

ఈ రెండో వర్గం గురించి పత్రికలూ సినిమాలూ స్వేచ్ఛ అనే మాటతోనే ఎక్కువగా మాట్లాడుతూ వచ్చాయి. ఆ మాటలో నిజం లేకపోలేదు గాని, ఆ జీవితాన్ని నిలబెడుతున్నవి ఒక ప్రభుత్వ భూవిధానం, ఒక గడువు తేదీ, లీటర్లలో కొలుచుకునే నీరు అన్న సంగతి ఆ మాట చాటున ఉండిపోతుంది. చిన్న ఆదాయాల మీద బతికే వృద్ధులకు నీడ ఎక్కడ అన్న ప్రశ్నకు అమెరికా నగరాలు సరైన జవాబు చెప్పలేని చోట, విహారం అనే శీర్షిక కింద ఒక భూముల శాఖ ఏడాదిలో ఏడు నెలలపాటు జవాబు చెబుతోంది. ఆ పని చేస్తున్నట్టు ఆ శాఖ కాగితాల్లో మాత్రం ఎక్కడా కనిపించదు.

ఎవరూ అడగని భూమి

క్వార్ట్‌సైట్ చుట్టూ ఉన్న ఎడారిలో అధిక భాగం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆధీనంలో ఉంది. 1946లో ఏర్పడిన ఈ సంస్థ దాదాపు 24.5 కోట్ల ఎకరాలను నిర్వహిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపినా ఏడు కోట్ల ఎకరాలకు లోపే కాబట్టి, ఇది వాటికి మూడున్నర రెట్ల పైమాట. తెలుగు నేలలో పోరంబోకు అన్నప్పుడు ఎలాంటి భూమి మనసుకు వస్తుందో, స్థూలంగా ఇదీ అలాంటిదే: పట్టా ఎవరి పేరునా లేని, పశువుల మేతకూ గనుల తవ్వకానికీ నడకకూ వేటకూ షరతులతో తెరిచి ఉంచిన సర్కారు నేల.

ఈ నేల సర్కారు చేతిలో మిగిలిపోవడానికి కారణం దాని నిస్సారతే. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్లు నివసించి సాగు చేసినవారికి 160 ఎకరాల వరకు ఇచ్చింది. 1877 నాటి డెజర్ట్ ల్యాండ్ చట్టం, నీరు పారించగలిగితే 640 ఎకరాల వరకు చౌకగా తీసుకోవచ్చని ఆశపెట్టింది. మోహావీ, చెమెహ్వీవీ, క్వెచాన్, యావపాయ్ తెగల భూములను ఈ విధంగా పంచిపెట్టిన శతాబ్దంలో, నదికి దూరంగా, నీటి జాడ లేకుండా ఉన్న క్వార్ట్‌సైట్ మైదానాన్ని ఉచితంగా ఇస్తామన్నా తీసుకున్నవారు తక్కువ. చివరకు 1976లో వచ్చిన సమాఖ్య భూవిధాన చట్టం, పంపకాల యుగాన్ని ముగించి, మిగిలిన భూమిని ప్రజల ఉమ్మడి ఆస్తిగా అట్టేపెట్టుకోవాలని నిర్ణయించి, హోమ్‌స్టెడ్ చట్టాన్ని రద్దు చేసింది. ఒకప్పుడు ఎంత ఎక్కువ కాలం కదలకుండా ఉంటే అంత గట్టి హక్కు వచ్చిన అదే నేల మీద ఇప్పుడు నియమం తలకిందులైంది: సాధారణ ప్రాంతాల్లో ఎవరైనా రుసుము లేకుండా విడిది చేయవచ్చు గాని, 28 రోజుల వ్యవధిలో 14 రోజులకు మించి ఒకచోట ఉండకూడదు, ఆపైన బండి కదలాల్సిందే.

కానీ చలికాలం మొత్తం ఒకేచోట ఉండదలిచిన వృద్ధుల సంఖ్య పెరుగుతూ వచ్చేసరికి ఈ పద్నాలుగు రోజుల నియమం అటు వారికీ ఇటు శాఖకూ ఇబ్బందిగా మారింది. అందుకని 1983లో దీర్ఘకాల సందర్శకుల ప్రాంతాలు అనే ఏర్పాటు మొదలైంది. ఆరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో ఇలాంటివి ఏడు ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది క్వార్ట్‌సైట్‌కు దక్షిణంగా యూఎస్ 95కు ఇరువైపులా 11,400 ఎకరాల్లో పరుచుకున్న లా పోసా. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు చెల్లే అనుమతి పత్రానికి చాలా ఏళ్లపాటు 180 డాలర్లు, పద్నాలుగు రోజుల పత్రానికి 40 డాలర్లు వసూలు చేస్తూ వచ్చారు. మొదటి లెక్కన 212 రాత్రులకు రాత్రికి డాలరు కూడా పడదు. ప్రైవేటు ఆర్వీ పార్కులో ఒక్క నెల అద్దే వందల డాలర్లు అవుతుంది.

ఇంత చౌక వెనక దయ కన్నా నేలను కాపాడుకోవాలన్న ఆలోచనే ఎక్కువ. ఇక్కడి భూమి పైపొర, గాలీ వానా సన్నని మట్టిని తొలగించగా మిగిలిన గులకరాళ్లు ఒకదానికొకటి ఆనుకుని నున్నగా అమరిన పరుపులా ఉంటుంది; శాస్త్రజ్ఞులు దీన్ని డెజర్ట్ పేవ్‌మెంట్ అంటారు. ఒక్కసారి చక్రం కింద నలిగితే అది మళ్లీ అమరడానికి మనిషి జీవితకాలం చాలదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942–44 మధ్య, ఈ ఎడారిలో జనరల్ ప్యాటన్ నెలకొల్పిన శిక్షణ కేంద్రపు ట్యాంకుల జాడలు నేటికీ కొన్ని చోట్ల చెక్కుచెదరలేదు. నదికి ఆవలి ఒడ్డున బ్లైత్ సమీపంలో ఆదివాసులు ఇదే రాళ్ల పొరను గీరి వేసిన మహాకాయ మానవాకృతుల మీదుగా సైతం వాహనాలు తొక్కుకుంటూ పోయిన ఆనవాళ్లు ఉన్నాయి. వాటి చుట్టూ కంచె ఆలస్యంగా వచ్చింది. వేలాది బండ్లు ఎడారంతా చెల్లాచెదురుగా నిలిచే బదులు, ఇప్పటికే నలిగిన కొన్ని వేల ఎకరాల్లోనే గుమిగూడితే తక్కిన నేల మిగులుతుందన్నది ఈ ఏర్పాటులోని అసలు లెక్క.

లీటర్లలో కొలిచే దినచర్య

లా పోసాలో గీతలు గీసిన స్థలాలు లేవు, నంబర్లు లేవు, కరెంటు స్తంభాలు లేవు. చెత్త వేసే పెద్ద తొట్లు, కొన్ని మరుగుదొడ్లు, తాగునీరు పట్టుకునే కుళాయిలు, బండి అడుగున నిల్వ ఉన్న మురుగును వదిలించుకునే డంప్ స్టేషన్ అనే చప్టా మాత్రమే ఉమ్మడి వసతులు. నీటి, కరెంటు, మురుగు గొట్టాలు బండికి తగిలించే వీలున్న పార్కులను హుక్‌అప్ ఉన్నవి అంటారు. ఆ వీలు లేని చోట సొంత నిల్వల మీదే గడపడాన్ని బూన్‌డాకింగ్ అంటారు. ఇక్కడ జరిగేది ఈ రెండోది. మరుగుదొడ్లకు 500 అడుగుల లోపు ఉన్నవారిని మినహాయిస్తే, మురుగు ట్యాంకు లేని బండిని ఈ ప్రాంతంలో నిలపనివ్వరు. వాడిన నీటిని, అది గిన్నెలు కడిగినదే అయినా, నేల మీద పారబోయడం నిషిద్ధం.

సాధారణంగా ఆర్వీలో మూడు ట్యాంకులుంటాయి: మంచినీళ్లది, స్నానమూ గిన్నెలూ కడిగిన నీరు చేరేది, మరుగుదొడ్డిది. వీటిలో రెండోదాన్ని గ్రే అనీ మూడోదాన్ని బ్లాక్ అనీ వ్యవహరిస్తారు. ఒక మధ్యతరహా ట్రైలర్‌లో మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్ల ప్రాంతం ఉంటుందనుకుంటే, ఇద్దరు మనుషులు పది రోజులు గడపాలంటే తలకు రోజుకు ఏడున్నర లీటర్లే వస్తాయి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే కాలనీల్లో కూడా ఇంతకన్నా ఎక్కువే వాడుకుంటారు. ఆ ఏడున్నర లీటర్లలో తాగునీరు, వంట, స్నానం, గిన్నెలు అన్నీ కావాలి. అందుకని ఫుల్‌టైమర్ల స్నానానికి ఒక పద్ధతి ఏర్పడింది. వేడినీళ్లు వచ్చేదాకా కుళాయిలోంచి వచ్చే చన్నీళ్లను వదిలేయకుండా చిన్న బకెట్‌లో పడతారు, అది మరుగుదొడ్డిలో పోయడానికి పనికొస్తుంది. ఒళ్లు తడిపి, షవర్ తలకున్న మీటతో నీళ్లు ఆపి, సబ్బు రుద్దుకుని, మళ్లీ మీట తిప్పి ఒక్క నిమిషంలో కడిగేసుకుంటారు. ఎంగిలి పళ్లేన్ని ముందు కాగితంతో శుభ్రంగా తుడిచి, పిచికారీ సీసాతో నాలుగు చుక్కలు చల్లి, ఆ తర్వాతే నీళ్లు తగలనిస్తారు, ఎందుకంటే మెతుకులు గ్రే ట్యాంకులోకి పోతే వారం తిరగకుండానే బండంతా కంపు కొడుతుంది. ట్యాంకులను ఖాళీ చేయడంలోనూ వరస తప్పకూడదు: ముందు బ్లాక్, తర్వాత గ్రే, అప్పుడే సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగినట్టవుతుంది.

విద్యుత్తు సంగతి ఇంకొంచెం సూక్ష్మమైనది. బండి కప్పు మీద సౌర ఫలకాలు, లోపల బ్యాటరీలు ఉంటాయి. ఇటీవల వాడుకలోకి వచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 100 ఆంపియర్-అవర్లది తీసుకుంటే, అందులో నిల్వ ఉండేది ఒకటింపావు యూనిట్లు. పాత సీసపు బ్యాటరీలో అయితే సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. దీపాలు, నీళ్ల పంపు, ఫోన్లు, ల్యాప్‌టాప్, చిన్న ఫ్రిజ్ వరకు లిథియం బ్యాటరీతో సరిపెట్టుకోవచ్చు. కప్పు మీది ఏసీ మాత్రం 1,500 వాట్ల ప్రాంతంలో లాగుతుంది కాబట్టి ఆ బ్యాటరీని గంటలోపే ఖాళీ చేస్తుంది. ఎడారి విడిది చలికాలానికే పరిమితం కావడానికి ఉన్న కారణాలలో ఈ అంకగణితం ఒకటి. చలికాలంలోనూ వేరే చిక్కుంది. డిసెంబర్ చివర మధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌లో క్షితిజానికి 49 డిగ్రీల ఎత్తున ఉంటే, క్వార్ట్‌సైట్‌లో 33 డిగ్రీల ఎత్తునే ఉంటాడు; కప్పు మీద వెల్లకిలా పరిచిన ఫలకానికి ఆ వాలు కిరణాల్లో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే దక్కుతాయి. అనుభవం ఉన్నవారు అందుకే ఫలకాలను దక్షిణానికి వాల్చే ఊతకమ్ములు బిగించుకుంటారు, బండిని నిలిపేటప్పుడే దిక్కులు చూసుకుంటారు. గ్యాసుతో నడిచే పాతరకం ఫ్రిజ్ వెనక భాగం ఎండకు రాకుండా ఉత్తరం వైపు పెట్టడం, ఆ ఫ్రిజ్ వాలుగా ఉంటే పనిచేయదు కాబట్టి చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టి సమం చేయడం, ఇవన్నీ ఇంజన్ ఆపిన మొదటి అరగంటలో జరిగిపోతాయి. చేతిలో దిక్సూచి పట్టుకుని బండిని అటూ ఇటూ జరిపే వైనం చూస్తే, గృహప్రవేశానికి ముందే వాస్తు చూసుకునే జనం ఒక్క తెలుగు నేలలోనే లేరని ఒప్పుకోవాల్సి వస్తుంది.

రాత్రి ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల దాకా దిగినప్పుడు ప్రొపేన్ గ్యాసు కొలిమి వెచ్చదనం ఇస్తుంది గాని, దాని గాలిపంకా తెల్లవార్లూ బ్యాటరీనే తింటుంది. విద్యుత్తు అక్కరలేని చిన్న గ్యాసు హీటర్లు పెట్టుకునేవారు కిటికీ కొద్దిగా తెరిచి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటారు. మూసిన బండిలో ఆ విషవాయువు నిద్రలోనే ప్రాణం తీయగలదు. జనరేటర్లను రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆపివేయాలన్నది నిబంధన. బండ్ల మధ్య కనీసం పదిహేను అడుగుల ఎడం ఉండాలన్నది ఇంకొకటి. అయితే ఇంత విశాలమైన మైదానంలో కేవలం పదిహేను అడుగుల దూరంలో వచ్చి బండి ఆపినవారిని పొరుగువారు మర్యాద తెలియనివారిగానే లెక్కగడతారు.

ఎడారి కూడా తన వంతు పన్నులు వసూలు చేస్తుంది. ప్యాక్‌ర్యాట్ అనే అడవి ఎలుక, వెచ్చగా ఉన్న ఇంజన్ సందుల్లో ముళ్లకంపలతో గూడు కట్టి తీగలను కొరికేస్తుంది. రాత్రిపూట బానెట్లు పైకెత్తి, కింద చిన్న దీపాలు వెలిగించి ఉంచిన ట్రక్కుల వరసలు కనిపించడానికి ఇదే కారణం, చీకటి లేని చోట అది గూడు కట్టదని వారి నమ్మకం. చదునుగా, మెత్తటి ఇసుకతో, ఐరన్‌వుడ్ చెట్ల నీడతో విడిదికి అనువుగా కనిపించే ఎండిన వాగులు అన్నింటికన్నా ప్రమాదకరమైనవి. దూరపు కొండల్లో కురిసిన వాన, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే, వాగు పట్టున ఉధృతంగా వచ్చి పడగలదు. దుమ్ములో ఉండే కోక్సిడియాయిడిస్ అనే శిలీంధ్రపు రేణువులు ఊపిరితిత్తుల్లో చేరి వ్యాలీ ఫీవర్ అనే జబ్బు కలిగిస్తాయి. చాలామందిలో అది జలుబులా వచ్చి పోయినా, వృద్ధుల్లో ముదిరే అవకాశం ఎక్కువ, విడిదిలో ఉన్నవారు ఎక్కువగా వృద్ధులే.

ఒంటెలవాడి సమాధి, నొమాడ్‌ల్యాండ్ గుంపు

ఈ ఎడారి మనిషికి లొంగుతుందని నమ్మినవారిలో అమెరికా సైన్యం కూడా ఉంది. గుర్రాలు తట్టుకోలేని నీటి కరవును ఒంటెలు తట్టుకుంటాయన్న ఆలోచనతో 1856లో వాటిని టెక్సాస్ తీరానికి దిగుమతి చేసుకున్నారు. వాటితో పాటు ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన ఒంటెల కాపరి హాజీ అలీ పేరు అక్కడి నోళ్లలో హై జాలీగా మారింది. అంతర్యుద్ధంతో ఆ ప్రయోగం మూలబడినా ఆయన తిరిగి వెళ్లలేదు. 1902లో క్వార్ట్‌సైట్‌లోనే కన్నుమూశాడు. ఆయన సమాధి మీద 1935లో ఆరిజోనా రహదారుల శాఖ, శిఖరాన లోహపు ఒంటె బొమ్మ ఉన్న రాతి పిరమిడ్ కట్టించింది. నేటికీ ఆ ఊరి ప్రధాన దర్శనీయ స్థలం అదే.

చలికాలపు జనం ఊరికి రావడానికి 1967లో మొదలైన రత్నాలు-ఖనిజాల సంత దారి చూపగా, తర్వాతి కాలంలో జనవరిలో జరిగే ఆర్వీ ప్రదర్శన దాన్ని పెంచింది. 2011లో బాబ్ వెల్స్ అనే వ్యాన్ నివాసి ప్రారంభించిన రబ్బర్ ట్రాంప్ రెండెవూ అనే వార్షిక సమావేశం మాత్రం వేరే రకమైన మనుషులను తెచ్చింది. 2008 నాటి ఆర్థిక సంక్షోభంలో ఇంటినో ఉద్యోగాన్నో పోగొట్టుకుని, సామాజిక భద్రత పింఛను మీద అద్దె కట్టలేక బండెక్కినవారు వీరిలో చాలామంది. వీరి జీవితాల మీద జెస్సికా బ్రూడర్ రాసిన ‘నొమాడ్‌ల్యాండ్’ 2017లో వెలువడింది. దాని ఆధారంగా క్లోయీ జావ్ తీసిన చిత్రం 2021లో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, నటి విభాగాల్లో ఆస్కార్లు గెలిచింది. చిత్రంలో వెల్స్‌తో సహా కొందరు సంచారులు తమ పాత్రలను తామే పోషించారు. చిత్రం అందంగానే ఉంది. అయితే పుస్తకంలో ఆగ్రహం ఉన్న చోట చిత్రంలో సంధ్యారాగం ఎక్కువైందన్న విమర్శను కొట్టిపారేయడం కష్టం.

ఎందుకంటే ఈ సంచారం అధికంగా పనుల క్యాలెండర్‌ను అనుసరించి సాగుతుంది. బండి నిలుపుకునే చోటు, కొద్దిపాటి కూలి ఇచ్చి ఆర్వీ నివాసులను తాత్కాలికంగా పెట్టుకునే పద్ధతిని వర్క్‌క్యాంపింగ్ అంటారు. వేసవిలో అటవీ విడిదుల్లో మరుగుదొడ్లు కడిగి రసీదులు రాసే క్యాంప్ హోస్ట్ పని, అక్టోబర్‌లో నార్త్ డకోటా, మిన్నెసోటాల మధ్య రెడ్ రివర్ లోయలో పన్నెండేసి గంటల షిఫ్టుల్లో చక్కెర దుంపలు దింపే పని, దీపావళి నుంచి క్రిస్మస్ దాకా గోదాముల్లో పార్సిళ్ల పని ముగించుకుని జనవరికి ఎడారి చేరడం ఆ ఏడాది చక్రం. గోదాముల పనికి అమెజాన్ సంస్థ 2008 నుంచి దశాబ్దానికి పైగా క్యాంపర్‌ఫోర్స్ పేరిట ప్రత్యేక పథకమే నడిపింది. ఫీనిక్స్, లాస్ ఏంజెలిస్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు సెలవుల్లో అద్దె ఆర్వీ తీసుకుని, పులిహోర కలుపుకుని గ్రాండ్ కెన్యన్ దాకా వెళ్లి రావడం మామూలే గాని, ఆ దారిలో పక్కన ఆగిన బండి ఎవరిదో వృద్ధాప్యమంతటికీ ఇల్లు కావచ్చన్న ఊహ అద్దె ఒప్పందంలో ఉండదు.

కదిలే ఇంటికి కదలని చిరునామా

ఇల్లు లేకుండా బతకవచ్చు గాని, చిరునామా లేకుండా అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు, వాహన రిజిస్ట్రేషన్, బీమా, బ్యాంకు ఖాతా, ఓటు ఏదీ లేదు. చట్టరీత్యా శాశ్వత నివాసంగా ఒక రాష్ట్రాన్ని ప్రకటించుకోవడాన్ని డొమిసైల్ అంటారు. ఫుల్‌టైమర్లు ఇందుకు రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సాస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాలను ఎంచుకుంటారు. సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు, ఉత్తరాలు అందుకుని పంపే సంస్థ ఇచ్చిన చిరునామా చూపితే లైసెన్సు వస్తుంది. ఓటు విషయానికి వచ్చేసరికి ఆ రాష్ట్రమే 2023లో నివాస నిబంధనను బిగించింది. 65 ఏళ్లకు మెడికేర్ అనే కేంద్ర ఆరోగ్య బీమా అందేదాకా, మధ్యలోని ఏళ్లు చాలామందికి గండంలాంటివి, ఎందుకంటే రాష్ట్రం దాటితే చెల్లని బీమా పథకాలు ఎన్నో.

ప్రజాభూమి మీద విడిది విహారం కిందికి వస్తుంది, నివాసం కిందికి రాదు అన్న భేదం మీదే ఈ ఏర్పాటంతా ఆధారపడి ఉంది. వచ్చినవాడికి ఎక్కడో ఇల్లుందని నిబంధన ఊహిస్తుంది. లేనివాడు ఉన్నట్టే మసలుకుంటాడు. ప్రశాంతంగా ఉన్నంతకాలం అధికారి అడగడు. ఈ మౌనం విలువ 2024 జూన్‌లో మరింత స్పష్టమైంది. ఆరెగన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ నగరానికి సంబంధించిన కేసులో, బహిరంగ స్థలాల్లో నిద్రించేవారిని శిక్షించే స్థానిక నిబంధనలు రాజ్యాంగ విరుద్ధం కావని సుప్రీంకోర్టు ఆరుగురు–ముగ్గురు ఆధిక్యంతో తీర్పు చెప్పింది. అదే మనిషి, అదే వ్యాను, అదే నిద్ర: నగర వీధిలో జరిమానా, లా పోసాలో అనుమతి పత్రం. ఇంత పెద్ద తేడాను పట్టణ పాలకుల విజ్ఞతకు గాని, ఎడారి ఉదారతకు గాని ఆపాదించనక్కరలేదు. ఒకచోట భూమికి ధర ఉంది, రెండోచోట లేదు.

ఏప్రిల్ 15 దాటాక పత్రం చెల్లదు, వేడి కూడా ఉండనివ్వదు. బండ్లు ఉత్తరానికి, రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టుపక్కల పైన్ అడవులకో, ఇంకా పైకో కదులుతాయి. అక్కడ ఎక్కువ చోట్ల మళ్లీ పద్నాలుగు రోజుల నియమమే. ఏటా ఇలా వేల కిలోమీటర్లు తిరగడానికి కంటిచూపు, మోకాళ్లు, లైసెన్సు మూడూ సహకరించాలి. అవి సహకరించని రోజు గురించి విహార నిబంధనల్లో ఒక్క వాక్యమూ లేదు. ఆ లోటును ముందుగా గుర్తించింది సంచారులే: 1978లో మొదలైన ఎస్కేపీస్ అనే ఆర్వీ నివాసుల సంఘం, టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో తమ సభ్యులకు ఉత్తరాల చిరునామా ఇచ్చిన చోటనే, ఇక బండి నడపలేనివారు దాన్ని శాశ్వతంగా నిలిపి అందులోనే ఉంటూ, పగటిపూట సంరక్షణ, భోజనం, ఆసుపత్రికి తీసుకువెళ్లే మనిషి సాయం పొందేలా ఒక కేంద్రాన్ని తమ విరాళాలతో, స్వచ్ఛంద సేవతో ఏర్పాటు చేసుకుంది.